నోరు పెగలని పెదనాయన

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మా పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఈసారి మీరు సంఘ పెద్దగా ఉండాలమ్మా" అన్నారు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. తమిళుల నడుమ, వ్యాసర్పాడిలో మా తెలుగు సంఘం చిన్నది. అందులో పెద్దరికమంటే జీతమూ సెలవూ రెండూ లేని ఉద్యోగం. ఇంటికి నడుస్తున్నంతసేపూ మా పెదనాయనే మనసులో మెదిలాడు.

పెదనాయన రైల్వే యార్డులో ఫిట్టరు. పగలంతా గూడ్సు పెట్టెల కింద దూరి, సాయంత్రం చేతుల గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుని తెల్లచొక్కా తొడిగితే సంఘ పెద్ద అయిపోయేవాడు. కిరసనాయిలు వాసన మాత్రం ఆ హోదాను లక్ష్యపెట్టక వెంటే వెళ్లేది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి మొగుడు తాగొచ్చి తన్నినా ఆయనకే కబురు. ఆయన ప్రార్థన మహా పొడుగు. రోగితో మొదలై, వీధి కొళాయికి నీళ్లడిగి, యార్డులో పనిచేసే వాళ్లందరి కాళ్లూ చేతులూ కాపాడమని వేడుకుని, మళ్లీ రోగి దగ్గరకు వచ్చేసరికి రోగి నిద్రపోయి ఉండేవాడు. "చూసినారా, నిమ్మళించింది" అనేవాడు సంతోషంగా. ఆయన బయల్దేరుతుంటే పెద్దమ్మ గుమ్మంలోనే హెచ్చరించేది: "బిరీన ముగించు. దేవుడికి వేరే పనులుండవా?"

ఆ పెద్దమ్మకే జబ్బు చేసింది. కడుపునొప్పి అంటూ వాము నీళ్లతో నెట్టుకొచ్చింది. ఆసుపత్రిలో చూపించేసరికి క్యాన్సరు కాలేయమంతా పాకిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను రోజూ ఆఫీసు నుంచి నేరుగా వాళ్లింటికే వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం సంఘమంతా ముందుగదిలో కిక్కిరిసింది. పక్కింటావిడ కన్నీళ్లతో, "అన్నా, మీరే చెయ్యండి. మీ ప్రార్థనకే గదా మా బిడ్డ లేచి తిరగతా ఉండాడు" అంది.

పెదనాయన మోకరించి పెద్దమ్మ పాదాల మీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా" అన్నాడు. అంతే. అందరం కళ్లు మూసుకుని ఉన్నాం. గోడలు అదిరేలా ఒక గూడ్సు వెళ్లింది. అది పోయాకా ఆయన మాట్లాడలేదు. నేను కళ్లు తెరిచి చూస్తే, పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. చివరకు ఇంకో పెద్ద అందుకుని నాలుగు మాటల్లో ముగించాడు.

అందరూ వెళ్లిపోయాక పెద్దమ్మ అడిగింది. "ఊరంతటికీ చేస్తివే, నాకొక్కదానికే మాట కరువైందా?"

"ఏమని అడగాలో తెలీలేదే. బతికించమంటే నీకు నొప్పి. తీసుకుపొమ్మంటే..."

"సెరి, అడగబాక. ఈడ కూచో."

పక్కన కూర్చున్నాక ఆయన నెత్తిన చెయ్యి వేసి ఆవిడే కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈయనకు గంజి వార్చను గూడా రాదు. చూసుకో." నా జీవితంలో విన్న అతి చిన్న ప్రార్థన అది. నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

వానలు మొదలవక ముందే ఆవిడ పోయింది. నెల తిరక్కుండానే పెదనాయనకు మళ్లీ కబురు. యార్డులో కలిసి పనిచేసిన ముసలాయనకు పక్షవాతం. నేనూ తోడు వెళ్లాను. పెదనాయన ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత, "నాకు మాట రావడంలా. కూచుంటా" అన్నాడు. వాళ్లు కాఫీ ఇచ్చి, అది చల్లారి, మేం లేచేవరకూ ఆ ముసలాయన చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు.

పెద్దరికం వద్దని అప్పటి పాస్టరుకు చెప్పాడట. ఆయన ఒప్పుకోలేదు. పిలుపులూ ఆగలేదు. పెదనాయన వెళ్లేవాడు, కూర్చునేవాడు, వచ్చేవాడు. పోయేవరకూ ఆయన గొంతెత్తి ప్రార్థించగా ఎవరూ వినలేదు. విశ్వాసం పోయిందో, మాటలే చాల్లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన వయసుకు వస్తే అడగకుండానే తెలుస్తుందనుకున్నాను. వయసు మాత్రం వచ్చేసింది.