అత్తయ్యగారు బోర్లించిన గ్లాసు

మా ముత్తాత రామభద్రరాజు గారు మండపేట దగ్గర మా ఊరితో కలిపి నాలుగు ఊళ్ళకి జమీందారు. ఆయన పల్లకీ వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. తాతగారు సోమరాజు గారి మాటకి జిల్లా బోర్డులో ఎదురు లేదు. నాన్నగారు గోపాలరాజు గారి కాలానికి భూములు పోయాయి, మాట మిగిలింది. నేను హైస్కూలు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను.

ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. దెయ్యాల కబుర్లు చెప్పుకునే ఇంట్లో నేను పుట్టలేదని తెలియాలి కాబట్టి చెప్పాను. చూసినది చెప్పాలి, చూడనిది చెప్పకూడదు అన్నది మా ఇంటి కట్టుబాటు. దెయ్యాన్ని మాలో ఎవరూ చూడలేదు. కాబట్టి ఆ ప్రసక్తే ఉండేది కాదు.

ఆ కట్టుబాటు దుర్భిణితో వచ్చింది. ముత్తాతగారు ఇంగ్లండు నుంచి ఒక ఇత్తడి దుర్భిణి తెప్పించి మేడ మీద నిలబెట్టించారు. కొన్ని నక్షత్రాల వెలుగు స్థిరంగా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ వెలుగుని కంటితో అంచనా కట్టి, అలాంటి లెక్కలు పోగుచేసే సంఘానికి పంపడం తరతరాలుగా మేము చేసిన పని. మా ఇంటి నుంచి వెళ్ళిన అంకె తప్పని ఎవరూ అనలేదు. ఆస్తి పోయాక నా దగ్గర మిగిలిన పరువు అదొక్కటే.

పద్ధతి చెబుతాను. మనం చూసే నక్షత్రం పక్కన వెలుగు మారని చుక్కలు రెండు ఎంచుకుంటాం, ఒకటి ప్రకాశవంతమైనది, ఒకటి మసకది. ఆ రెంటి మధ్య తేడాని పది మెట్లు అనుకుని, మన నక్షత్రం ఎన్నో మెట్టు మీద ఉందో తేల్చాలి. పక్కవారి లెక్క చెవిన పడితే మన కన్ను దానికే తలొగ్గుతుంది. దీపం వెలిగిస్తే చీకటికి అలవాటుపడిన చూపు చెడుతుంది. అందుకని తాతగారు ఒక ఏర్పాటు చేశారు. ఎవరి గ్లాసు వారిది. చప్పుడు కాకుండా అడుగున గుడ్డ ముక్క. ఎన్ని మెట్లైతే అన్ని చింతపిక్కలు చీకట్లోనే అందులో వేయాలి. నక్షత్రం అసలు కనబడకపోతే గ్లాసు బోర్లించాలి. కిందికి దిగాక దీపం దగ్గర చూసుకోవాలి.

మాది ఘోషా ఇల్లు. ఆడవాళ్ళు పగలు గుమ్మం దాటేవారు కాదు. చీకటి పడ్డాక మేడ ఎక్కడానికి మాత్రం అభ్యంతరం ఉండేది కాదు. నాన్నగారి చెల్లెలు, మా మేనత్త సుభద్రయ్యమ్మ గారు చిన్నప్పటి నుంచీ ఆ మేడ మీదే ఆకాశం చూశారు. చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని తిరిగి వచ్చాక అదే ఆవిడ లోకమైంది. ఇంట్లో అందరి కళ్ళకన్నా ఆవిడ కన్ను నిక్కచ్చి. అయినా లెక్కలన్నీ నాన్నగారి పేరు మీదే వెళ్ళేవి. ఆడవారి పేరు బయటికి పంపడం ఆ రోజుల్లో లేదు.

పెద్దతనంలో నీటికాసులు వచ్చి ఆవిడకి రెండు కళ్ళూ పోయాయి. కిటికీ ఎటుందో కూడా తెలిసేది కాదు. అయినా సాయంత్రం నా భుజం పట్టుకుని మేడ ఎక్కేవారు, గ్లాసు పట్టుకుని కూర్చునేవారు, పిక్కలు వేసేవారు. వద్దనడానికి నాకు మనసొప్పలేదు. ఆవిడ లెక్క నా లెక్కతో సరిపోతూనే ఉండేది. అందులో వింతేమీ లేదనుకున్నాను. అప్పట్లో మేము చూస్తున్నది ఉత్తర కిరీటం అనే చుక్కల గుంపులోని నక్షత్రం. అది ఏళ్ళ తరబడి ఒకే వెలుగుతో ఉంటుంది. చెప్పాపెట్టకుండా ఎప్పుడో ఒకసారి మసకబారిపోతుంది. ఎప్పుడన్నది ఎవరూ ముందుగా చెప్పలేరు. మారని దానికి అలవాటుగా అవే పిక్కలు వేస్తున్నారని సరిపెట్టుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తరవాత ఒక ఆషాఢంలో సంగతి ఇది. ముసురు పట్టి చాలా రోజులు ఆకాశం కనబడలేదు. ఒక సాయంత్రం వాన వెలిసి, మబ్బు పూర్తిగా విడిపోయింది. కరెంటు కూడా పోయింది కాబట్టి రైసు మిల్లుల లైట్లు లేవు. రాజమండ్రి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మూర్తిగారు ఆరోజు మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఆ నక్షత్రాన్ని ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అత్తయ్యగారితో కలిపి ముగ్గురం మేడ ఎక్కాం.

పోల్చుకునే చుక్కలు రెండూ ఎక్కడుంటాయో చెప్పి గ్లాసు చేతికిస్తే మూర్తిగారు నవ్వారు. "పిక్కలన్నీ మీరే దాచుకుంటే పిల్లలు ఏం పెట్టి ఆడుకుంటారండీ రాజుగారూ?"

"ఆటల సంగతి కింద చూసుకుందురుగాని. ముందు నోరు కట్టుకుని చూడండి," అన్నారు అత్తయ్యగారు.

మొదట నేను చూశాను. నక్షత్రం ఎప్పటిలాగే ఉంది. దాని పక్కన ఎప్పుడూ ఉండే చిన్న చుక్క కూడా ఉంది. తరవాత మూర్తిగారు చూశారు. నేను ఏమీ చెప్పకముందే, "మధ్యలో రెండున్నాయి కదండీ, ఏది మనది, వెలుగు ఎక్కువున్నదేనా?" అని అడిగారు. అవునన్నాను. అంతకుమించి మాట్లాడుకోలేదు.

కింద లాంతరు దగ్గర చూస్తే నా పిక్కలు, ఆయన పిక్కలు సమానం. అత్తయ్యగారు తన గ్లాసుని బోర్లించి అరచేతి మీద పెట్టుకుని దిగారు.

"ఇదేంటండీ అత్తయ్యగారూ, బోర్లించారు?"

"లేదు గనక."

"ఇద్దరం చూశామండీ. ఎప్పటిలాగే ఉంది."

"మీరు చూశారేమో బాబూ. అక్కడ మాత్రం లేదు."

అత్తయ్యగారు జీవితంలో మొదటిసారి నన్ను ఒకటి అడిగారు. "నలభై ఏళ్ళు నా లెక్కలు మీ నాన్న పేరున వెళ్ళాయి. నేనేమీ అనలేదు. ఇదొక్కటి నా పేరున పంపించు."

కళ్ళు లేని మనిషి లెక్కని మా ఇంటి నుంచి ఎలా పంపను? అది చూడనిది చెప్పడమే అవుతుంది. ఆ మాటే ఆవిడకి మర్యాదగా చెప్పాను. "సరే, నీ ఇష్టం," అన్నారు. నేను చూసినదాన్ని నా పేరున, మూర్తిగారు చూసినదాన్ని ఆయన పేరున పంపాను.

మళ్ళీ ముసురు పట్టింది. అది విడిచిన రోజు దుర్భిణి పెట్టి చూస్తే మధ్యలో ఆ చిన్న చుక్క ఒక్కటే కనబడింది. మన నక్షత్రం చోటు ఖాళీగా ఉంది. మసకబారడం మొదలైందని సంతోషించాను కూడా.

కొన్నాళ్ళకి మూర్తిగారు రాజమండ్రి నుంచి వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగకుండా విషయం చెప్పారు. ఆ నక్షత్రం మేము మేడ ఎక్కిన సాయంత్రానికి చాలా ముందే మసకబారిందట. ఆ సాయంత్రానికి మా దుర్భిణికి అందనంతగా తగ్గిపోయిందట. ఇతర దేశాల్లో చూసినవారందరి లెక్కలూ ఒకటే చెబుతున్నాయి. వెలుగు ఉందని పంపింది లోకం మొత్తం మీద మేమిద్దరమే. మా అంకెల పక్కన సంఘంవారు అనుమానం గుర్తు పెట్టారు.

"పోనీ మీరు అలవాటు కొద్దీ ఉందనుకున్నారు అనుకుందామండి. నేనెందుకు చూశాను?" అన్నారు మూర్తిగారు.

పక్క చుక్కనే చూసి పొరపడ్డాం అందామంటే, రెండున్నాయని ఆయనే నాకు చెప్పారు. నా కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. దోషం లేదన్నారు. దుర్భిణి అద్దాలు విప్పి తుడిచి చూశాను. వాటిలోనూ దోషం లేదు. ఆ సాయంత్రం అక్కడ ఒక వెలుగు ఉంది. నేను చూశాను, ఇంకొకరు చూశారు. అది ఆ నక్షత్రం కాదు. ఏమిటో తెలియదు. చూపు లేని ఆవిడకి మాత్రం అది కనబడలేదు.

అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, నన్ను తప్పు పట్టలేదు. "ఇంక నేను పైకి రానులే బాబూ," అన్నారు. ఎందుకని అడిగాను. "ఉన్నది చూడ్డానికి మీరున్నారు. లేనిది కూడా మీకే కనబడుతుంటే నేనెందుకు?" అన్నారు. నిష్ఠూరమో, భయమో ఆ గొంతుని బట్టి పోల్చుకోలేకపోయాను. ఆ ఏడు గడవకుండానే పోయారు. నక్షత్రం తిరిగి మునుపటి వెలుగుకి రావడానికి చాలా ఏళ్ళు పట్టిందని విన్నాను. నేను చూడలేదు.

ఆవిడ పేరున ఆ లెక్క ఆలస్యంగానైనా పంపుదామని రెండుసార్లు కూర్చున్నాను. ఎలా చూశారన్న ప్రశ్నకి ఏం రాయాలో తోచక లేచిపోయాను. నా లెక్క వెనక్కి తీసుకుంటున్నానని రాయబోతే అదీ చేతకాలేదు, ఎందుకంటే నేను చూశాను. ఆ తరవాత ఏ నక్షత్రం వంక చూసినా అది నిజంగా ఉందా అన్న అనుమానం వచ్చేది. అనుమానంతో అంకె రాయడం మాకు అలవాటు లేదు. రాయడం మానేశాను.

మరుసటి ఏడు దుర్భిణి అమ్మేశాను. కొన్నాయన అద్దాలు మాత్రం తీసుకుని వెళ్ళారు. గొట్టాన్నీ, స్టాండునీ పాలకొల్లులో ఇత్తడి సామాన్ల కొట్టుకి తూకానికి ఇచ్చాను.