చాప మీద వణుకు

దుర్గ్ రోడ్డులో మేమెక్కిన ఆటో బోల్తా పడి ఏడాది దాటింది. నా ఎముకలు అతుక్కున్నాయి గానీ చేతుల వణుకు పోలేదు. వెనక లారీ హారన్ వినబడితే చాలు, మొదలయ్యేది. వైశాలి నగర్‌లో మాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. ఒకరోజు బల్బు అందిస్తుంటే నా చెయ్యి చూసి, కొనడానికి వచ్చినాయన నవ్వాడు.

"ఏటి భయ్యా, పొద్దున్నే పట్టించేసినావా?"

జన్మలో మందు ముట్టనివాణ్ణి. అయినా నవ్వేసి ఊరుకున్నాను. పిరికివాడనుకోవడం కన్నా తాగుబోతనుకోవడమే నయమనిపించింది.

నరాల డాక్టరు లోపమేమీ లేదన్నాడు. భయం ఒంట్లో ఉండిపోయిందని చెప్పి, స్మృతి నగర్‌లో ఒక థెరపిస్టు దగ్గరికి పంపాడు. మా అమ్మాయి ఈడు పిల్ల. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము కాస్త ఎత్తి మెల్లగా దించమంది. కాసేపటికి తొడలు వాటంతటవే వణకసాగాయి.

"ఆపకండి అంకుల్, వణకనివ్వండి. లోపలున్న భయం అలాగే బయటికి పోతుంది" అంది హిందీలో.

చొక్కా పొట్ట మీంచి పైకి జరిగింది. సర్దుకుందామంటే చెయ్యి రాలేదు. గొంతులోంచి మూలుగు వచ్చింది, ఆటో కింద ఇరుక్కున్నప్పటి మూలుగే. ఆ పిల్ల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. లేచి, తల వంచుకుని వరండాలోకి వచ్చేశాను.

అక్కడ కూర్చున్న మా ఆవిడ లేచి నిలబడింది. "ఏటయిందండీ?"

"ఇంక రాను. సిగ్గుతో సచ్చిపోతన్నాను. ఇంటికి పోదాం పద."

ఆమె కదల్లేదు. "నాను ఓపాలి ఆ సాప మీద పడుకుంతాను. మీరూ లోపలికి రండి" అంది.

ఆరోజు ఆటోలో ఆమె నా పక్కనే ఉంది. చర్మం గీసుకుపోవడం తప్ప దెబ్బ తగల్లేదు. అదృష్టమన్నారందరూ. నేనూ అన్నాను. ఏడాదంతా నా కట్లూ నా మందులూ చూసుకుంది. ఇప్పుడు చాప మీద ఆమె కాళ్లు నాకంటే గట్టిగా కొట్టుకున్నాయి. పళ్లు టకటకలాడాయి.

"మీరు అరుస్తన్నారు. నాను లాగలేకపోనాను" అంది పైకప్పు కేసి చూస్తూ. "మీ సెయ్యి జారిపోతంది."

తెలుగు రాని ఆ పిల్ల, ఆంటీ ఏమంటున్నారని నన్నడిగింది. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను.

ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం. నా చేతులు కొంత కుదురుకున్నాయి. ఆమెకు నిద్ర పడుతోంది. అంతకుముందు పట్టేది కాదన్న సంగతి, ఆ పిల్ల ఆమెను అడిగినప్పుడే నాకు తెలిసింది. ఏడాదిగా ఆమె పక్కనే పడుకుంటున్నాను.