తన డైనోసార్‌ను తానే కోసిన సుగుణ గారు

డాక్టర్ గుండేటి సుగుణ గారు న్యూకాసిల్ ఆసుపత్రిలో ఊపిరాడక కన్నుమూశారు. ఆ కబురు చెప్పింది ఆమె కూతురు నీల. స్విండన్‌లో మా ఆఫీసు మెట్లు దిగుతున్నాను. "అంకుల్, అమ్మ ఈజ్ గాన్" అంది. కోట్ల ఏళ్లనాటి చావులను పుస్తకంలా చదివి చెప్పిన మనిషి చావును నమ్మడం నాకు చేతకాలేదు.

ఆ దిగ్భ్రాంతి తీరకముందే లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మరో మాట మొదలైంది. "కన్నతల్లిని ముక్కలు కోయించింది" అని నీల మీద బురద చల్లుతున్నారు. ఫోన్ చేస్తే ఎత్తొద్దని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అందుకే నివాళిగా మొదలుపెట్టిన ఈ వ్యాసాన్ని కోపంతో రాస్తున్నాను. సుగుణ గారు ఎవరో తెలిసినవాడెవడూ ఆ మాట అనలేడు. తెలియనివాళ్లకు చెబుతాను, వినండి.

డైనోసార్ల ఎముకలను చదవడం ఆమె వృత్తి. ఇంకా సూటిగా చెప్పాలంటే, అవి ఎలా చంపాయో, ఎలా చచ్చాయో చదవడం. విరిగి అతుక్కున్న పక్కటెముక, కోరలు దిగిన వెన్నుపూస, కుమ్ముకుని పగిలిన పుర్రె, ఇవీ ఆమె గ్రంథాలు. ఎముకను ఆమె బొక్క అనేవారు. ఇంగ్లండులో ఎన్నేళ్లున్నా ఆ కరీంనగర్ మాట పోలేదు. విందుల్లో ఆమె పక్కన కూర్చోవడానికి జనం జంకేవాళ్లు. ఒకసారి ఇల్ఫర్డ్‌లో భోజనాల మధ్య సుగుణ గారు ఒకావిడ కంచంలోంచి సగం నమిలిన కోడికాలు తీసి వెలుగుకు పెట్టి చూశారు.

"అక్కా, తినేటప్పుడు గివేం పనులు?"

"నువ్వు ఒక్క దిక్కే నములుతున్నవ్ పిల్లా. రెండో దిక్కు పన్ను పుచ్చింది. డెంటిస్టు దగ్గరికి పో."

పన్ను నిజంగానే పుచ్చింది. ఆ తర్వాత ఆవిడ సుగుణ గారిని చూస్తే నోరు మూసుకుని నవ్వేది.

ఆమెకు ప్రపంచంలో పేరు తెచ్చిన తవ్వకానికి స్నేహితుడిగా నేనూ వెళ్లాను. ఇంగ్లండు దక్షిణ తీరంలో ఒక కొండచరియ. చలికాలపు తుఫాను దాన్ని కరిచి కరిచి పడేస్తోంది. పోటు వస్తే ఎముకలన్నీ సముద్రం పాలు. సుగుణ గారు నిలబడ్డ చోటి నుంచి పక్కకు జరిగారో లేదో, అక్కడ ఇంటి గోడంత మట్టిపెళ్ల విరిగిపడింది. నేను వెనక్కి గెంతాను. ఆమె సమ్మెట ఎత్తి అరిచారు. "సముద్రం కన్న ముందు మనం గుంజుకోవాలె! పట్టు తమ్మీ, ఏం జూస్తున్నవ్?"

గుంజుకున్నాం. కోరలున్న ఒక పెద్ద జంతువు, దాని కింద చిన్నచిన్న పిల్లలు. పెద్దదాని పక్కటెముకలు విరిగి ఉన్నాయి. ఆనాటి ఏటి ఒడ్డు విరిగిపడుతుంటే తల్లి తన పిల్లల మీద అడ్డంగా పడి ప్రాణం విడిచిందని సుగుణ గారు రాశారు. అదొక కొత్త జాతి అని ప్రకటించి, దానికి తల్లి అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. పత్రికలు కన్నీరు పెట్టుకున్నాయి. ఇల్ఫర్డ్‌లో మదర్స్ డే నాడు మనవాళ్లు ఆ డైనోసార్ బొమ్మను పటం కట్టించి, దండ వేసి, బొట్టు పెట్టారు. సుగుణ గారు పటాన్ని దగ్గరగా చూసి, "బొట్టు మంచిగుంది గని, అది నుదురు గాదు, ముక్కు తొర్ర" అన్నారు.

విద్యార్థి ఎవరైనా కొత్త వాదం తెస్తే ఆమె ఒకటే అడిగేవారు. ఏం చూస్తే నీ మాట తప్పని ఒప్పుకుంటావు? జవాబు చెప్పలేనివాణ్ణి చీల్చి చెండాడేవారు. ఒకరోజు తరగతిలో ఒక శిష్యుడు లేచి ఆ ప్రశ్నను ఆమెకే వేశాడు. మీ తల్లి డైనోసార్ తల్లి కాదని దేన్ని చూస్తే ఒప్పుకుంటారు? తొడ ఎముక లోపల చూడాలి అన్నారు ఆమె.

ఎముక లోపల ఎదుగుదల గీతలుంటాయి. చెట్టు మానులో వలయాల్లాగే. ఎంత ఎదిగిందో, ఇంకా ఎదుగుతోందో లేదో అవి చెబుతాయి. కాని చూడాలంటే రంపం పెట్టాలి. అది జాతి మొత్తానికి ఆధారమైన ఎముక. ప్రపంచంలో అలాంటిది మరొకటి లేదు. దాన్ని భద్రపరిచిన మ్యూజియంవాళ్లు మొత్తుకున్నారు. ఆమె గురువైన ముసలి ప్రొఫెసర్, నీకు వచ్చిన పేరు చాలదా, దాని జోలికి పోకు అని బతిమాలాడు. పేరు నాది కాబట్టే రంపం నేను పట్టాలి అని అనుమతి సాధించారు.

ఆ రోజు నన్ను రమ్మన్నారు. వజ్రపు పళ్ల రంపం ఎముకను తాకగానే గది మొత్తం కేక పెట్టింది. నీళ్లతో కలిసి ఎర్రటి బురద చిమ్మింది. సగానికి వచ్చాక ఎముక ఎగిరిపడి పగిలింది. ఒక చీలిక చేతి తొడుగును చించి అరచేతిలో దిగింది. రక్తమేదో బురదేదో తెలియలేదు. ఆమె చీలికను పళ్లతో పీకి, గుడ్డ చుట్టుకుని, మళ్లీ రంపం నడిపారు.

ఆ తొడ ఎముక లేతది. ఇంకా వేగంగా ఎదుగుతున్నది. పిల్లల్ని కనే వయసు దానికి రాలేదు. అప్పుడామె చిన్నవాటి మెడలు మళ్లీ తీసి చూశారు. వాటి మీది పంటిగాట్లు పెద్దదాని పళ్లకే సరిపోయాయి. ఒడ్డు విరిగిపడే వేళకు అది తన జాతి పిల్లలనే తింటోంది.

ఆ సంగతి పరిశోధన పత్రికలో తన పేరుతోనే రాశారు. అంతటితో ఊరుకోలేదు. మరుసటి మదర్స్ డే నాడు ఇల్ఫర్డ్‌లో మనవాళ్ల హాలుకు వచ్చి, పటం పక్కనే నిలబడి చెప్పారు. "ఇది తల్లి గాదు. ఇది తింటున్నది." హాలు భగ్గుమంది. మా పండగను ఎగతాళి చేస్తున్నారా అని ఒకాయన పటాన్ని లాగి నేలకేసి కొట్టాడు. అద్దం భళ్లున పగిలింది. ఆమె తమ్ముడు మోహన్ గారు, అక్క వల్లే తల ఎత్తుకు తిరిగిన మనిషి, ముందుకొచ్చి అరిచారు.

"అక్కా, నువ్వు జెప్పకుంటె ఎవ్వలికి తెలుస్తుండె?"

"నాకు తెలుస్తుండె గద రా."

గాజుపెంకుల మీదే నిలబడి ప్రసంగం పూర్తి చేశారు. బయటికి వచ్చాక నన్నూ వదల్లేదు. దేవుడి అవసరం లేకుండానే ప్రేమ పుట్టిందనడానికి ఆ తల్లి సాక్ష్యమని హేతువాదినైన నేను వ్యాసాలు రాసి ఉన్నాను. "దేవుణ్ణి దించినవ్, ఆ పీటమీద నా బొక్కల్ని గూసోబెట్టినవ్. నీది గూడ పూజనే తమ్మీ" అన్నారు. హేతువాద సభల్లో నన్ను మాటతో అంత గట్టిగా కొట్టినవాళ్లు లేరు.

కొంతకాలం తోటి పండితులు ఆమెను వెలివేసినట్టే చూశారు. తర్వాత ఒక్కొక్కరే తాము దాచుకున్న ఎముకలకు రంపం పెట్టక తప్పలేదు. ఈరోజు ఆమె శిష్యులు ఎక్కడ పాఠం చెప్పినా ఆ ప్రశ్నతోనే మొదలుపెడతారు. ఆమె పెట్టిన జాతి పేరు ప్రశ్నార్థకమైంది. ఆమె పద్ధతి నిలబడింది.

ఇక నీల మీది నిందకు మూలమైన ఆ ఊపిరితిత్తుల సంగతి. చదువుకునే రోజుల నుంచి చాలా ఏళ్లపాటు సుగుణ గారు ఒక రేకుల షెడ్డులో ముఖానికి మాస్కు లేకుండా ఎముకల మీది ఇసుకరాయిని గాలి ఒత్తిడితో నడిచే ఉలితో చెక్కేవారు. పిండిమర నుంచి వచ్చినట్టు ఇంటికొచ్చేవారట. చివరి ఏళ్ల దగ్గును ఆస్తమా అనే అందరూ అనుకున్నారు. ఆమె పోయాక ఆసుపత్రి డాక్టరుకు అనుమానం వచ్చింది. పనిలో పీల్చిన దుమ్ము వల్ల కావచ్చని కరోనర్‌కు, అంటే మరణకారణం తేల్చే అధికారికి, తెలియజేశాడు. ఆ ఆఫీసు నుంచి నీలకు ఫోన్ వచ్చింది. పోస్ట్‌మార్టం అవసరం, కుటుంబానికి అభ్యంతరముంటే కోయకుండా స్కాన్‌తో సరిపెట్టే వీలుందేమో చూస్తాం, కాని దుమ్ము సంగతి దానితో కచ్చితంగా తేలకపోవచ్చు అన్నారు.

మర్నాడు ఆసుపత్రి గదిలో నీల, మోహన్ గారు, నేను ఉన్నాం.

"స్కాన్ దీసి ఇచ్చెయ్యమను. మా అక్కను కోడిని కోసినట్టు కోస్తరా?" అన్నారు మోహన్ గారు.

"స్కాన్‌లో షూర్‌గా తెలీదంట, మామా."

"తెలిసి ఏం జేస్తవ్? లేసి కూసుంటదా? నువ్వసలు కూతురివేనా?" అంటూ చెయ్యెత్తారు. ఆ చెయ్యి గాలిలోనే ఆగింది. ఆగకపోతే నేను ఆపేవాణ్ణి.

నీల ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పే అలవాటు. ఆ రోజు ఒక్కొక్క మాటే వెతుక్కుని తెలుగులో చెప్పింది. "అమ్మ ల్యాబ్‌లో ఇంకా మనుషులు పని చేస్తున్నారు, మామా. వాళ్లకి తెలియాలి."

మోహన్ గారు తలుపు విసిరికొట్టి వెళ్లిపోయారు. అంత్యక్రియలకు వచ్చినా నీల ముఖం చూడలేదు.

కోశారు. ఊపిరితిత్తిలో పలచని పొర తీసి, అద్దం పలక మీద పరిచి, సూక్ష్మదర్శిని కింద ప్రత్యేకమైన వెలుగులో చూశారు. ఎముక పొరలను సుగుణ గారు జీవితమంతా చూసింది కూడా సరిగ్గా అలాగే. ఆ చిత్రాన్ని చూపించమని నీల అడిగింది. చూసి నాకు ఫోన్ చేసింది. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని చూసినప్పుడు ఎముక పగుళ్లలో ఉప్పు చల్లినట్టు ఇసుకరేణువులు మెరిసేవట. అమ్మ ఊపిరితిత్తిలోనూ అలాగే మెరుస్తున్నాయని చెప్పి ఏడ్చింది.

ఆ ఫలితం వచ్చిన వారమే న్యూకాసిల్‌లో ఆమె పరిశోధనశాలలో రంపాలు ఆపేశారు. అక్కడ పనిచేసేవాళ్లందరికీ ఛాతీ పరీక్షలు చేశారు. పాత షెడ్డు రోజుల నుంచీ ఆమె పక్కనే ఉలి పట్టిన ఒక శిష్యురాలి ఊపిరితిత్తుల్లో తొలి మచ్చలు కనిపించాయి. ఇకనుంచి దుమ్ముకు దూరంగా ఉంటే అవి ముదరకుండా ఆగే అవకాశముందని డాక్టర్లు చెప్పారు. ఆ శిష్యురాలికీ ఒక తల్లి ఉంది. నీలను నిందిస్తున్న పెద్దలు ఒకసారి వెళ్లి ఆ తల్లితో మాట్లాడి రండి.

సుగుణమ్మా, మా పటాలన్నీ పగలగొట్టి వెళ్లిపోయావు. నీ పటానికి దండ వేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీ ముందు తల వంచుతున్నాను, అంతే. నువ్వు తిట్టిన తిట్లు ఇక ఎవరు తిడతారు మమ్మల్ని?

మోహన్ గారూ, మీ అక్క ప్రశ్న మీకింకా బాకీ ఉంది. ఏం చూస్తే మీ మాట తప్పని ఒప్పుకుంటారు? ఆమె ఉంటే నేనడగాల్సిన అవసరం ఉండేది కాదు. నీల ఫోన్ చేస్తుంది. ఎత్తండి.