కౌంటర్ అక్క ఫోన్ నంబరు

ఇరవై మూడేళ్ల వయసులో ఉన్నంత జ్ఞానం నాకు మళ్లీ ఎన్నడూ రాలేదు. ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, ఉప్పల్‌కు మెట్రో వచ్చేసింది) నాచారంలోని ఓ ప్రైవేటు దవాఖానాలో రోగుల రికార్డులు శుభ్రం చేసే ఉద్యోగం దొరికింది. చేత్తో కాదండీ, ప్రోగ్రాం రాసి. ఒకే మనిషి మూడు పేర్లతో ఎక్కి ఉంటే పట్టుకుని ఒక్కటి చేయాలి. మా పెద్దసారుకు తెర మీద ఎర్ర గుర్తు కనిపిస్తే బీపీ పెరిగేది, అందుకే ఆయన మాకు గ్రీన్ సార్. "డూప్లికేట్లు జీరో కావాలె. అయితే పర్మనెంట్, లేకుంటే నీ దారి నీది" అన్నాడు.

ఫోన్ నంబరూ, పుట్టిన తేదీ, నెలా కలిస్తే మనిషి ఒక్కడే అని ప్రోగ్రాం రాసేశాను. పేర్లనూ, పుట్టిన సంవత్సరాలనూ జనం ఎలాగూ తప్పే చెబుతారని వదిలేశాను. ఎవరినైనా అడగొచ్చు కదా అంటారా? అడగడం తెలివితక్కువవాళ్ల పని అనుకునేవాణ్ణి. శుక్రవారం మీట నొక్కగానే తెరంతా పచ్చబడింది. గ్రీన్ సార్ సమోసాలు తెప్పించాడు.

సోమవారం పొద్దున డాక్టరమ్మ పిలిచి ఒక రికార్డు చూపించింది. అరవై ఎనిమిదేళ్ల మగమనిషి, ఆరో నెల గర్భం, మొన్ననే పోలియో చుక్కలు వేయించుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే వార్డులోంచి కేకలు. వెళ్లి చూస్తే, రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చునే కౌంటర్ అక్క చేతిలో మందుచీటీతో, చెప్పుల్లేకుండా ఓ మంచం వైపు పరుగెత్తుతోంది.

"అయ్యో, జర ఆగు సిస్టరూ! తాతకు గా సూది పడదు! పోయినసారి మస్తు ఉబ్బిండు!"

సిరంజి పట్టుకున్న సిస్టర్ ఆగింది. "సిస్టంల అలర్జీ ఏం లేదనే ఉంది గదా అక్కా?"

"ఉబ్బింది సిస్టం గాదు, తాత!"

ఆ తాత రైల్వేలో రిటైరైన పెద్దమనిషి. నలభై మంది రికార్డులను ఒక్కటి చేస్తూ నా ప్రోగ్రాం ఆయన అలర్జీని మింగేసింది. ఆయనేమో నన్ను చూసి, "ఏంది బాబూ, గిట్ల చెమటలు వడుతున్నయ్? నువ్వు గూడ సూపించుకో" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నలభై మందికీ ఒకే నంబరేంటక్కా?" అన్నాను బయటికొచ్చాక.

"నాదే. ఫోన్ లేనోళ్లకు ఏం రాయాలె? నంబరు డబ్బా ఖాళీగుంటే మీ కంప్యూటర్ ముందుకు పోనియ్యదాయె. రిపోర్టొస్తే నేనే ఇంటికాడికి పోయి చెప్త."

"మరి అందరూ జనవరి ఒకటినే పుట్టారా?"

"వానలు వడ్డప్పుడు పుట్టిన అంటే తీసుకుంటదా నీ కంప్యూటర్?"

మూడు రోజులు ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్కరినీ విడదీశాను. ఆమె ముఖాలు గుర్తుచేసుకుని చెబుతుంటే నేను టైపు చేశాను. ఒకే నంబరు మీద నలభై మంది కనబడేసరికి తెర మళ్లీ ఎర్రబడింది. "ఏందిది?" అని గ్రీన్ సార్ అరిచాడు. "తాత బతికున్నాడు సార్" అన్నాను. నా పర్మనెంటు ఆరు నెలలు వెనక్కి పోయింది.

ఇప్పుడు దమ్మాయిగూడలో మా కాలనీలో ఫోన్ లేని నలుగురి దవాఖానా కాగితాల మీద ఉన్నది నా నంబరే. నిన్న మెసేజి వచ్చింది: 'మీ ఆరో నెల స్కానింగు రేపు.' చెప్పులేసుకుని మేస్త్రీ వాళ్లింటికి బయల్దేరాను, ఆ నలుగురిలో ఒకరైన వాళ్లావిడకు చెప్పడానికి. దారంతా నాలో నేనే నవ్వుకున్నాను. ఆ ఇరవై మూడేళ్ల మేధావి ఎదురుపడితే బాగుండును, నాలుగు మాటలు తిట్టి, వెంటబెట్టుకుని ఆ ఇంటిదాకా నడిపించేవాణ్ణి.