ఎలుకలకున్న గాలి

ఆమెను అందరూ పిల్లక్క అనేవారు. ఎలుకల గదిలో పనిచేసే మనిషికి ఛాతీలో పిల్లికూతలు మొదలైతే తోటివాళ్లు ఊరుకుంటారా మరి? "అక్కొస్తోంది, దాక్కోండర్రా!" అని పెట్టెల్లోని ఎలుకలకు చెప్పి నవ్వేవారు. ఆమే ముందు నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది.

ఆ పరిశోధనశాలలో ఉబ్బసం మీదే పని. ఎలుకలకు దుమ్ము పీల్పించి ఆయాసం తెప్పిస్తారు, తగ్గించే దారి వెతుకుతారు. వాటి పెట్టెల్లోకి వడగట్టిన గాలి గొట్టాల్లో వస్తుంది. వాటి కింది మురికి పొట్టు ఎత్తిపోసే పిల్లక్కకు మాత్రం పల్చటి గుడ్డ ముసుగే దిక్కు. దుమ్ము లాగేసే ఫ్యానున్న బల్ల ఒకటి ఉంది గానీ, దాని మీద అట్టపెట్టెలు పేర్చి ఏళ్లయింది.

"ఇంతకీ ఏం కనిపెట్టావే అమ్మాయ్?" అని ఆ ఉదయం పరిశోధన చేసే పిల్లను అడిగింది.

"తిన్నది అరిగి శక్తిగా మారేటప్పుడు ఒంట్లో రకరకాల పదార్థాలు పుడతాయక్కా. మనల్ని కాపాడే కణాలు ఉబ్బసంలో దుమ్మును చూసి దొంగొచ్చినట్టు ఎగబడతాయి, ఊపిరి గొట్టాలు వాచిపోతాయి. ఆ పదార్థాల్లో ఒకటి ఆ కణాలకు 'ఇక చాలు' అని సర్దిచెబుతోంది. ఎలుకల్లో కనబడింది. మనుషుల్లో ఇంకా తేలాలి."

"మంచిదే. కానీ రోజూ దొంగను ఇంట్లోకి తోలుతుంటే, ఆ పెద్దమనిషి ఎంతకని సర్దిచెబుతాడు?"

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది.

అప్పుడే సూపర్‌వైజర్ వచ్చాడు. "ఈ ఆయాసంతో రేపట్నుంచి రావద్దమ్మా. నీ మంచికే చెబుతున్నా. ఇంకొకరిని చూశాం."

"ఆ వచ్చేవాళ్ల ఊపిరితిత్తులు ఇనుముతో చేశారా సార్?"

పిల్లక్క జవాబు కోసం ఆగలేదు. బల్ల మీది అట్టపెట్టెలను ఒక్కొక్కటే వరండాలోకి విసిరింది. ఆయాసంతో గోడ పట్టుకుంది, మళ్లీ విసిరింది.

"ఈ ఫ్యాను తిరిగేదాకా ఎలుకల పెట్టె ముట్టను. నన్ను గెంటేసి ఇంకొకర్ని ఈ దుమ్ములోనే నిలబెడతారా? ఎన్ని ఛాతీలు కావాలి మీకు?"

"మీరు చేయండ్రా!" అని మిగతావాళ్ల మీద అరిచాడాయన. ఎగతాళి చేసేవాళ్లంతా చేతులు కట్టుకుని ఆమె పక్కన నిలబడ్డారు.

పరిశోధన పిల్ల గొంతు సవరించుకుంది. "సార్, పొట్టు ఇవాళ మార్చకపోతే మురికి ఘాటుకు ఎలుకల గొంతులు మండుతాయి. ప్రయోగం పాడవుతుంది."

మనిషి ఊపిరికి కదలని సూపర్‌వైజర్ చెయ్యి ప్రయోగం అనేసరికి స్విచ్ మీదికి వెళ్లింది. ఫ్యాను బొంయ్‌మని లేచింది.

"నీ మీద పైకి రాస్తాను," అన్నాడాయన.

"రాయండి సార్. నా పిల్లికూతలు కూడా రాయండి. ఎక్కడ అంటుకున్నాయో అదీ రాయండి."

మర్నాడు పిల్లక్క పనికొచ్చింది. కూతలు తగ్గలేదు. ఆమెనెవరూ ఆపలేదు. ఫ్యాను తిరుగుతున్న బల్ల దగ్గర నిలబడి మొదటి పెట్టె లాగింది.