సెకండ్ షిఫ్టు వేళ వచ్చిన ఫోన్

గోదావరిఖనిలో, మా గని కాలనీలో నా నోటికి జడవని వాళ్లు లేరు. నల్లా దగ్గర కూడా నాకే ముందు దారి ఇస్తారు. అలాంటి నాకు ఒక మధ్యాహ్నం ఎవడో ఫోన్ చేసి, నన్ను అరెస్టు చేశానన్నాడు. గనిలో ఫస్ట్ షిఫ్టుకు వెళ్లిన మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు.

"నేను పోలీసు అధికారిని మాట్లాడుతున్నాను. మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి. ఇది డిజిటల్ అరెస్టు. ఫోన్ పెట్టేయొద్దు," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. అబద్ధమెందుకు, భయమేసి తలుపు గడియ పెట్టాను.

అప్పుడే గని సైరన్ మోగింది.

"సెకండ్ షిఫ్టుదా అక్కా?" అన్నాడు చిన్నగా.

ఈ సైరన్ వింటూ పెరిగినవాడు తప్ప ఇంకెవడూ అలా అడగడు. నా భయం పోయి ఒళ్లు మండింది. "థూ, నీ జిమ్మడ! గోదావరిఖని పోరనివై మనోళ్లనే ముంచుతున్నవా? సిగ్గు లేదురా?" అని అందుకున్నాను.

"తిట్టక్కా. ఇంకా జరసేపు తిట్టు," అన్నాడు. "ఈడ మాతోని పని చేయించేటోళ్లకు తెలుగు రాదు. లైన్ జల్ది కట్టయితే నన్ను కొడ్తరు. కంప్యూటర్ నౌకరని వేరే దేశం తోల్కచ్చి పాస్‌పోర్టు గుంజుకున్నరు. గేటు దాటనిస్తలేరు. నువ్వయితే పైసలు వెయ్యకు."

ఏం చెయ్యను? ఏడుస్తూనే, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. పావుగంటకు అటువైపు ఎవరో అరిచారు. లైన్ తెగిపోయింది. తిరిగి చేస్తే ఆ నంబరే లేదంది.

మర్నాడు మా ఆయనతో కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సై నెమ్మదస్తుడు, అంతా విన్నాడు.

"అక్కా, పిల్లగాడు ఒక దేశంల, కంప్యూటర్లు ఇంకో దేశంల, నడిపేటోళ్లు మూడో దేశపోళ్లు ఉంటరు. మన చట్టం ఆడికి పోదు. కానీ దేశాల నడుమ ఒప్పందాలున్నయి. గిట్ల మోసంతోని తీస్కపోయి, కొట్టి పని చేయించుకుంటే వాణ్ని దొంగ అనొద్దు, బాధితుని లెక్కనే చూడాలె. మన ఎంబసీ ఆ సర్కారుకు రాస్తే ఇడిపియ్యొచ్చు."

నా ప్రాణం లేచొచ్చింది. "రాయుండ్రి సారూ, జల్ది రాయుండ్రి," అన్నాను.

ఆయన తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

"పిల్లగాని పేరేంది? తండ్రి పేరేంది?"

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. పావుగంట మాట్లాడాను. వాడి పేరు అడగలేదు.