సిద్ధప్ప చేతిలో పడ్డ హెడ్డు

ఎమ్మిగనూరు సిద్ధప్పకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. చేసిన పని అయిపోయిందనే మాట ఆయన నోటి నుంచి రాదు. ఇంజను హెడ్డు బాగుచేయమని ఇచ్చినవాళ్లు "అయ్యిందా అన్నా?" అని అడిగితే "ఇంగోతూరి తుడిసి ఇస్తా" అంటాడు, ఆ ఇంకోసారి ఎప్పటికీ తీరదు. రెండో రోజు అడిగినా అదే మాట, పదో రోజు అడిగినా అదే మాట. ఊళ్లో సిద్ధప్పలు నలుగురున్నారు కాబట్టి గుర్తుకోసం ఆటోవాళ్లు ఈయనకు ఇంగోతూరి సిద్ధప్ప అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఎవరో శాలువా కప్పి బిరుదిచ్చినట్టు తల ఊపుతాడు తప్ప కోపగించుకోడు.

హెడ్డంటే ఇంజను మీద మూతలా కూర్చునే దిమ్మె. దాని లోపల మసి పేరుకుని, వాల్వులు సరిగా మూసుకోకపోతే బండి దగ్గుతుంది, పొగ కక్కుతుంది, చివరికి దారి మధ్యలో మొండికేస్తుంది. ఆ మసి వదిలించి, వాల్వులు అరగదీసి కుదర్చడానికి పెద్ద షెడ్లలో మిషన్లుంటాయి. సిద్ధప్పకు ఉన్నది ఇల్లే. అది ఒకప్పుడు మగ్గం నేసిన ఇల్లు. మగ్గం తీసేసి పదేళ్లయినా, కాళ్లు పెట్టుకునే గుంత అలాగే ఉంది. అందులో కాళ్లు వేలాడేసుకుని, ఎదురుగా పలక మీద హెడ్డు పెట్టుకుని, తెగిన పోగు కోసం వెతికే కళ్లతోనే మసి కోసం వెతుకుతాడు.

ఇనుప ముక్క తగిలితే గీత పడుతుందని వెదురు పుల్లతో గీకుతాడు. పుల్ల దూరని చోటికి పళ్లు తోముకునే బ్రష్షు పంపిస్తాడు. ఆ బ్రష్షు ఎవరిదని అడిగేవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు, ఆయన భార్య గౌరమ్మ. బియ్యం కడిగే గిన్నె కిరసనాయిల్లో మునిగి మూడేళ్లయింది. ఒకరోజు ఆమె పొంగనాలు పోద్దామని పిండి రుబ్బుకుని చూస్తే పెనం కనిపించలేదు.

"గుంతల పెనం యాడ పెట్టినావయ్యా?"

"ఆడనే ఉండాది. పని మీద ఉండాది."

పెనం నిజంగానే పని మీద ఉంది. ఒక్కో గుంతలో ఒక్కో వాల్వు, దాని పక్కనే దాని స్ప్రింగు, వరస తప్పకుండా కూర్చుని ఉన్నాయి.

"ఏ వాల్వు యాడిదో ఆడనే పోవాల గౌరీ. మారితే కూసోదు. దేవుడు ఈ పెనాన్ని దీనికే సేసినాడు."

"పొంగనాలకు ఏం సేసినాడు మరి?"

సిద్ధప్ప కాసేపు ఆలోచించి, దోసె పోయమన్నాడు. ఆ పూట దోసెలే తిన్నారు.

ఆదోని పత్తి వ్యాపారి బాలకృష్ణయ్య కూడా ఒకసారి ఈయనకు దొరికిపోయాడు. పాత జీపు హెడ్డు ఉగాదికి ఇచ్చి, వినాయక చవితి దగ్గర పడేదాకా తిరిగి తిరిగి, ఒకరోజు గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"సిద్ధప్పా, నేను నీకిచ్చింది హెడ్డా, బంగారు వడ్డాణమా?"

"సావుకారూ, మీ జిన్నింగు మిల్లులో పత్తి మధ్య ఒక్క పుల్ల కనపడితే ఏం సేస్తారు?"

"వెనక్కి పంపుతాను."

"నేను కూడా అంతే గదా సేస్తాండేది."

బాలకృష్ణయ్య కుర్చీ మడిపించుకుని వెళ్లిపోయాడు. పండగకు నాలుగు రోజుల ముందు హెడ్డు చేతికి వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లపాటు ఆ జీపు మూత విప్పే పని ఎవరికీ పడలేదు. అందుకే జనం తిట్టుకుంటూనే మళ్లీ ఈయన గుమ్మమే తొక్కుతారు.

ఇంతవరకూ గౌరమ్మ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వీరేష్ హెడ్డు దగ్గర వచ్చింది. వీరేష్ ఆమె చెల్లెలి కొడుకు, రెండు వీధుల అవతల ఉంటాడు. పెద్దకడుబూరు రైతుల టమోటాలు చిన్న ట్రక్కులో పత్తికొండ మార్కెట్‌కు వేస్తాడు. వాడు నోరారా "పెద్దమ్మా" అంటే ఆమె చేతిలో ఉన్నది ఏదైనా వాడి చేతికి వెళ్లిపోతుంది. ఒక మంగళవారం వాడి బండి దారిలో ఉడికి ఆగిపోయింది. హెడ్డు విప్పి పెదనాయన ఒళ్లో పెట్టి పోయాడు.

రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"పెద్నాయనా, అయ్యిందా?"

"సూడు, హెడ్డు మీద పెట్టిన ఈ స్కేలు కింద ఎలుతురు కనపడతాంది. ఇంకా మట్టం కాల్య. ఇంగోతూరి రుద్దాల."

మర్నాడు కిరసనాయిలు వంతు. వాల్వులు బిగించి, హెడ్డు తిరగేసి, గుంటల్లో కిరసనాయిలు పోశాడు. కిందికి కారకపోతే వాల్వు సరిగ్గా కూర్చున్నట్టు. ఇద్దరూ దాని కిందికి వంగి గంటసేపు చూశారు.

"ఒక్క సుక్క గూడ పడల్య పెద్నాయనా."

"పడల్య. పడాలని సూస్తాంది."

వీరేష్ ఏడవలేక నవ్వి వెళ్లిపోయేవాడు. ఈలోగా పెద్దకడుబూరు నుంచి టమోటాలు ఇంకో ట్రక్కువాడు బసవన్న బండిలో వెళ్లడం మొదలైంది. గౌరమ్మ కూరగాయలకు పోయినప్పుడు కళ్లారా చూసింది. రైతులు ఒకసారి కొత్త బండికి అలవాటు పడితే పాత బండిని పిలుస్తారా అన్నది ఆమె భయం. వీరేష్‌కు ఆ లోడ్లు తప్ప వేరే ఆధారం లేదు. ఎనిమిదో రోజు మొగుడి ముందు నిలబడింది.

"వాని బతుకు పోతాందయ్యా. ఇచ్చెయ్యి."

"ఇస్తా గౌరీ. ఇంగోతూరి తుడిసి."

తొమ్మిదో రోజు సిద్ధప్ప గ్రైండింగ్ పేస్టు తేవడానికి బజారుకు పోగానే, గౌరమ్మ హెడ్డును పాత చీరలో చుట్టి, మూటకట్టి, నెత్తిన పెట్టుకుంది. ముప్పై అయిదేళ్ల కాపురంలో మొదటిసారి సొంతింట్లో దొంగతనం చేసింది. చీరలు నేసే ఎమ్మిగనూరు వీధుల్లో నెత్తిన మూటతో ఆడమనిషి పోతుంటే అందులో చీరలుంటాయని తప్ప ఎవరూ ఇంకోటి అనుకోరు. వీధి మొగలోనే ఇరుగింటి గంగమ్మ ఆపేసింది.

"సీరలా గౌరక్కా? దించు, సూస్తా."

"ఇవి అమ్మేటివి గావు."

"మెడ వొంగిపోతాంది. పట్టువా ఏంది?"

"పట్టే. పెండ్లివాండ్లవి."

"కిరసనాయిలు వాసన వస్తాంది గదా అక్కా."

"ఇప్పటి రంగులు అట్లనే ఉండాయి తల్లీ" అని గౌరమ్మ నడక పెంచింది.

వీరేష్ ఇంట్లో లేడు. వాడి భార్య భవాని మూట దించడానికి సాయం పట్టి, విప్పి చూసి, గబుక్కున మళ్లీ కప్పేసింది.

"అత్తా, దీన్ని ఎందుకు తెచ్చినావు?"

"ఎందుకేంది? బిగిచ్చుకుని వాన్ని లోడుకు పొమ్మను. ఆ మనిషి సేతిలో ఉంటే ఈ జన్మకు రాదు."

భవాని వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. బండి ఆగిపోవడానికి ముందు వారం కాగితాల పని మీద పోతున్నానని వీరేష్ కర్నూలు పోయి రెండు రోజులున్నది కాగితాలకు కాదు. టమోటా పెట్టెలు ఎత్తీ ఎత్తీ వాడికి గిలక దిగింది, పొత్తికడుపులో పేగు కిందికి జారింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మూడు వారాలు బరువు ఎత్తొద్దు, బండి తోలొద్దు అన్నాడు. పదిమందికి తెలిస్తే నవ్వుతారని వాడు ఎవరికీ చెప్పనివ్వలేదు. ఆరో రోజే బండెక్కాడు. అదృష్టం బాగుండి ఆ రోజే ఇంజను ఉడికింది.

"ఆ సాయంత్రమే మామ కాళ్లు పట్టుకున్నా అత్తా. మూడు వారాలయ్యేదాకా హెడ్డు ఇయ్యొద్దని అడిగినా. మూడో దినానికే అయిపోయిందంట. అయినా పెట్టుకుని కూసున్యాడు."

గౌరమ్మకు మిగతాది వినిపించలేదు. "అయిపోయింది అన్యాడా? ఆయన నోటితోనా?"

"అవునత్తా."

"ఆ మాట నాకు ముప్పై అయిదేండ్లలో ఒక్కనాడు సెప్పల్య" అంది గౌరమ్మ. కోపం రావలసిన చోట ఆమెకు ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడి మీద ఇంత ప్రేమ ఆమెకు ఈ మధ్యకాలంలో పుట్టలేదు.

అప్పుడే వీరేష్ పాల ప్యాకెట్టుతో లోపలికొచ్చాడు. వాసన పట్టేశాడు. పైన కప్పిన పాత చీర తొలగించి చూసి, ముఖమంతా వెలుగై, మూట ఎత్తబోయాడు. గౌరమ్మ వాడి చేతి మీద ఒక్కటి వేసింది.

"ముట్టొద్దు. ఇచ్చేకి తెల్య, సూపిచ్చేకి తెచ్చినా. మీ పెద్నాయన కంటికి అయినాదంట. నా కంటికి కాల్య."

"నీ కంటికా? పెద్దమ్మా, నీకు హెడ్డు గురించి ఏం తెలుసు?"

"ఇంట్లో బ్రష్షు నాది, గిన్నె నాది, పెనం నాది. నాకు తెల్దా?"

"పెద్దమ్మా..." అని వాడు బతిమాలే గొంతు తీశాడు. గౌరమ్మ వాడి ముఖం చూస్తే కరిగిపోతానని గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది. తర్వాత మూట భవాని చేత ఎత్తించుకుని, వచ్చిన దారినే తిరిగిపోయింది.

సిద్ధప్ప గుంతలో కూర్చుని ఖాళీ పలక వైపు చూస్తున్నాడు. గౌరమ్మ హెడ్డును అక్కడే దించి ఎదురుగా చతికిలబడింది.

"నాకెందుకు సెప్పలేదు?"

"వాడు పెద్దమ్మా అంటే నువ్వు తాళిబొట్టు గూడ తీసిస్తావు."

అది నిజమే కాబట్టి ఆమె ఇంకో ప్రశ్నకు పోయింది. "మరి లోడ్లు? బసవన్న మరిగినాడు గదా?"

"నేనే సెప్పినా వానికి. వీరేష్ వచ్చేదాకా నడుపు, వచ్చిన దినమే ఇడిసిపెట్టు అన్యా. ఒప్పుకున్యాడు."

"ఊరికే ఒప్పుకున్యాడా?"

సిద్ధప్ప తల వంచుకున్నాడు. "వాని హెడ్డు ఎప్పుడొచ్చినా రెండు దినాల్లో ఇస్తానని మాటిచ్చినా."

గౌరమ్మ ఆయన్ను జాలిగా చూసింది. సిద్ధప్ప ఆస్తి రాసిచ్చి ఉన్నా అంత త్యాగం అయ్యేది కాదు. మూడు వారాలకు ఇంకా ఆరు రోజులున్నాయి. రేపు పొద్దున వీరేష్ వస్తే చూపించడానికి పని కావాలి. ఆమె కొంగు నడుముకు చుట్టి, బిగించిన వాల్వులు మళ్లీ ఎలా విప్పాలో చూపించమంది.

మర్నాడు వీరేష్ వచ్చేసరికి గుంతకు అటొకరు ఇటొకరు కూర్చుని రుద్దుతున్నారు. వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అరుగు మీద కూర్చోకుండానే ఇంటికి పోయి పడుకున్నాడు. డాక్టరు చెప్పిన పని వాడు చేసింది ఆ ఆరు రోజుల్లోనే.

ఏడో రోజు సిద్ధప్ప హెడ్డును బట్టతో తుడిచి, అందరూ వినేలా గట్టిగా "అయిపోయింది, తీసుకపోరా" అన్నాడు. బయట బసవన్న వీరేష్‌ను పెద్దకడుబూరు తీసుకుపోయి రైతులకు అప్పగించడానికి బండిలో ఎదురుచూస్తున్నాడు. వీరేష్ చేతులు చాచాడు. గౌరమ్మ మాత్రం హెడ్డును వదల్లేదు. వెలుతురుకు పట్టుకుని ఒక మూలకు కళ్లు చికిలించింది.

"ఉండయ్యా, ఈ సందులో ఏందో నల్లగ ఉండాది."

"ఇచ్చెయ్యి గౌరీ" అన్నాడు సిద్ధప్ప. "పిల్లోడు పోవాల."